కాలేజీలో చేరే పిల్లలకు ప్రతిభా ఉపకార వేతనాలు



పి.యు.సి. అనండి, ప్లస్ టూ అనండి, ఇంటర్ అనండి, బారావీ అనండి. మన సరిహద్దు ఊళ్లలో పన్నెండో తరగతికి ఇన్ని పేర్లున్నాయి. పేరేదైనా, పిల్లలు మంచి మార్కులతో పాసయ్యారన్న సంతోషం ఇంట్లో ఓ వారం రోజులు ఉంటుంది. ఆ తర్వాత లెక్కలు మొదలవుతాయి. కాలేజీ ఫీజు ఎంత, హాస్టలు ఎంత, బస్సు పాసు ఎంత, పుస్తకాలకెంత అని. ఆ లెక్క తేలక చదువు ఆపేసిన పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, మీకు తెలిసినవాళ్లలోనే ఉండి ఉంటారు.

ఇలాంటి పిల్లల కోసమే ప్రతిభా ఉపకార వేతనాలున్నాయి. మనవాళ్లు మెరిట్ స్కాలర్‌షిప్పు అంటారే, అవే. బాగా చదివే పిల్లలకు ఇవి ఎందుకు అందడం లేదని అడిగితే చాలామంది మార్కులు చాలలేదంటారు. మన ప్రాంతం విషయంలో అది పూర్తి నిజం కాదు. మన పిల్లవాడు ఉండేది ఒక రాష్ట్రంలో, పరీక్ష రాసేది పక్క రాష్ట్రపు బోర్డుకు, కాలేజీలో చేరేది మరో చోట. ఏ స్కాలర్‌షిప్పు ఈ మూడింట్లో దేన్ని చూస్తుందో తెలియకపోవడం వల్లే మనం ఎక్కువగా నష్టపోతున్నాం. ఈ రోజు నేను మీతో ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే.

చదువు కోసం ఎల్లలు దాటడం మనకు కొత్త కాదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పూర్వీకులది ఆంధ్రదేశంలోని మోక్షగుండం. ఆయన పుట్టింది కన్నడ నేల మీద ముద్దేనహళ్లిలో. ఇంట్లో మాట్లాడింది తెలుగు. ట్యూషన్లు చెప్పుకుంటూ బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో చదివి 1881లో బి.ఏ. పాసయ్యారు. ఆ తర్వాత మైసూరు ప్రభుత్వం ఇచ్చిన ఉపకార వేతనంతో పూనా వెళ్లి ఇంజనీరింగు చదివి, 1883లో బొంబాయి ప్రెసిడెన్సీ పరీక్షలో మొదటివారుగా నిలిచారు. తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారి చదువు కూడా చాలావరకు స్కాలర్‌షిప్పుల మీదే సాగింది. ఆ వేతనాలు సమయానికి అందాయి కాబట్టి ఆ చదువులు ఆగలేదు.

ఇక అసలు విషయానికి వద్దాం. కాలేజీలో చేరే పిల్లలకు ముందుగా తెలియవలసింది కేంద్ర ప్రభుత్వ పథకం. 2008లో మొదలైన ఈ పథకాన్ని ఇప్పుడు పి.ఎం. ఉచ్చతర్ శిక్షా ప్రోత్సాహన్ అంటున్నారు. పొట్టిగా పి.ఎం.-యు.ఎస్.పి. దీని కింద ఏటా దేశం మొత్తం మీద 82,000 వరకు కొత్త స్కాలర్‌షిప్పులు ఇస్తారు. అందులో సగం ఆడపిల్లలకే. కుటుంబ ఆదాయం ఏడాదికి 4 లక్షల 50 వేల రూపాయలు మించకూడదు. డిగ్రీ మూడేళ్లూ ఏడాదికి 12,000 రూపాయలు, పి.జి.లో ఏడాదికి 20,000 రూపాయలు వస్తాయి. ఇంజనీరింగు వంటి నాలుగేళ్ల కోర్సులో నాలుగో ఏట 20,000 ఇస్తారు. అంటే బి.టెక్. పూర్తయ్యేసరికి మొత్తం 56,000 రూపాయలు. నెలకు వెయ్యి రూపాయలే కదా అనిపించవచ్చు. బస్సు పాసుకూ పరీక్ష ఫీజుకూ నాన్నను అడగలేక వెనక్కి తగ్గే పిల్లకు ఆ వెయ్యి ఎంతో తెలుసు.

దీనికి అర్హతను 80 పర్సంటైల్ అని చెబుతారు. ఈ మాట దగ్గరే చాలామంది పొరబడతారు. ఇది నూటికి 80 మార్కులు కాదు. మీ బోర్డులో, మీ గ్రూపులో పాసైన పిల్లలందరినీ మార్కుల వరుసలో నిలబెట్టారనుకోండి. ప్రతి వంద మందిలోనూ పై ఇరవై మందిలో మీరు ఉండాలి. మార్కులు ధారాళంగా పడే బోర్డులో 85 శాతం వచ్చినా ఆ వరుసలో పైకి చేరకపోవచ్చు. గట్టిగా దిద్దే బోర్డులో అంతకన్నా తక్కువ మార్కులకే చేరవచ్చు. సైన్సు వరుస వేరు, కామర్సు వరుస వేరు, ఆర్ట్స్ వరుస వేరు. కాబట్టి పక్కింటి అబ్బాయికి వచ్చిన మార్కులతో పోల్చుకుని నాకు రాదులే అని కూర్చోవద్దు.

ఇక్కడే మన సరిహద్దు సంగతి వస్తుంది. ఈ పథకంలో స్కాలర్‌షిప్పులను బోర్డుల వారీగా పంచుతారు. మీ ఇల్లు ఎక్కడుంది, మీ కాలేజీ ఎక్కడుంది అన్నదాన్ని బట్టి కాదు, పన్నెండో తరగతి ఏ బోర్డుకు రాశారన్నదాన్ని బట్టి మీరు ఏ వాటాలోకి వస్తారో తేలుతుంది. బళ్లారి వైపు అమ్మాయి ఒకతె మా బడిలో పదో తరగతి దాకా చదివి, మేనమామ ఇంట్లో ఉండి అనంతపురంలో ఇంటర్ పూర్తి చేసింది. డిగ్రీకి మళ్లీ సొంత ఊరు వచ్చింది. ఆమె చేరిన కాలేజీలో, నీది ఆంధ్రా బోర్డు, ఇక్కడ నీకు స్కాలర్‌షిప్పు రాదు అన్నారట. పిల్ల నమ్మింది. నిజానికి ఆమె పేరు ఆంధ్రప్రదేశ్ బోర్డు వాటాలో లెక్కకు వస్తుంది. కర్ణాటక కాలేజీలో చదువుతూనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ సంగతి తెలిసేటప్పటికి ఆమె రెండో సంవత్సరంలో ఉంది. కొత్త దరఖాస్తు పెట్టవలసింది పన్నెండు పాసై కాలేజీలో చేరిన మొదటి సంవత్సరంలోనే. ఆ గడువు దాటిపోయింది. ఆ అమ్మాయి చదువు మానలేదు. సాయంత్రాలు బట్టల అంగట్లో లెక్కలు రాసి డిగ్రీ పూర్తి చేసింది. కానీ మూడేళ్లకు 36,000 రూపాయలు ఆ ఒక్క మాటతో పోయాయి.

బోర్డును బట్టే నడిచే మరొకటి ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్పు. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖవారిది. పన్నెండో తరగతిలో తమ బోర్డులో మొదటి ఒక శాతం మందిలో నిలిచి, బి.ఎస్.సి. లేదా ఐదేళ్ల ఎం.ఎస్.సి.లో భౌతిక, రసాయన, గణిత, జీవ శాస్త్రాల వంటివి చదివేవారికి ఇది వర్తిస్తుంది. ఏడాదికి 80,000 రూపాయలు. అందులో 60,000 విద్యార్థి చేతికి, 20,000 వేసవిలో చేసే పరిశోధన పనికి. ఇంజనీరింగు, మెడిసిన్ పిల్లలకు ఇది లేదు. సీటు రాక బి.ఎస్.సి.లో చేరానని చిన్నబుచ్చుకునే పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పండి.

ఆడపిల్లల కోసం ఎ.ఐ.సి.టి.ఇ. వారి ప్రగతి స్కాలర్‌షిప్పు ఉంది. ఎ.ఐ.సి.టి.ఇ. గుర్తింపు ఉన్న కాలేజీలో డిప్లొమా, ఇంజనీరింగు వంటి సాంకేతిక కోర్సుల్లో చేరినవారికి ఏడాదికి 50,000 రూపాయలు. కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటకూడదు. ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల వరకు తీసుకోవచ్చు. ప్రభుత్వ బడిలో పది, పన్నెండు తరగతులు చదివిన ఆడపిల్లలకు అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ కూడా ఏడాదికి 30,000 రూపాయలు ఇస్తోంది. వారు 2025లో దరఖాస్తులు పిలిచిన రాష్ట్రాల్లో కర్ణాటక, ఒడిశా, తెలంగాణ ఉన్నాయి.

రాష్ట్ర ప్రభుత్వాలు ఇచ్చేవాటి తీరు వేరు. అక్కడ ముందు అడిగేది మీ నివాసం, లేదా మీరు చదివిన బడి. తమిళనాడులో 2022లో పుదుమై పెన్ పథకం ఆడపిల్లలకు, 2024లో తమిళ్ పుదల్వన్ పథకం మగపిల్లలకు మొదలయ్యాయి. నెలకు 1,000 రూపాయలు. ఆరు నుంచి పన్నెండు వరకు ఆ రాష్ట్రపు ప్రభుత్వ బడిలో చదివి ఉండాలన్నది ముఖ్య షరతు. హోసూరు ప్రాంతపు ప్రభుత్వ బడిలో తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలూ ప్రభుత్వ బడి పిల్లలే. ఎయిడెడ్ బడుల విషయంలో మాత్రం తమిళ మాధ్యమం అన్న షరతు ఉంది. కర్ణాటకలో రాష్ట్ర స్కాలర్‌షిప్పుల పోర్టల్‌కు వెళ్లేముందు నాడకచేరిలో కుల, ఆదాయ పత్రాలు తీసుకుని, వాటి మీద ఉండే ఆర్.డి. నంబరు దగ్గర పెట్టుకోవాలి. మహారాష్ట్రలో మహా డి.బి.టి. పోర్టల్‌కు డొమిసైల్ పత్రం కీలకం. ఒడిశాలోనూ రాష్ట్ర స్కాలర్‌షిప్ పోర్టల్ ఉంది. యానాం పిల్లలు సెంటాక్ ద్వారా సీటు పొందితే, పుదుచ్చేరి ప్రభుత్వం కామరాజర్ పేరిట ఇచ్చే ఫీజు సహాయం గురించి అడగాలి.

ఒక హెచ్చరిక. పి.ఎం.-యు.ఎస్.పి. తీసుకునేవారు రాష్ట్రపు ఫీజు రీయింబర్సుమెంటుతో సహా మరో స్కాలర్‌షిప్పు తీసుకోకూడదు. రెండింటికీ అర్హత ఉంటే ఏది ఎక్కువ మేలో ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోండి. ఇంకొక సంగతి. మనం ఈ రాష్ట్రాల్లో భాషా మైనారిటీలం. కేంద్రం మైనారిటీ స్కాలర్‌షిప్పులన్నవి మత మైనారిటీలకు ఉద్దేశించినవి. ఆ పేరు చూసి దరఖాస్తు పెట్టి సమయం పోగొట్టుకోకండి.

అర్హత ఉండీ డబ్బు రాకపోవడానికి పెద్ద కారణం పేరు. ఇది మన ప్రాంతపు జబ్బు. ఆంధ్రాలో ఇంటిపేరు ముందు వస్తుంది. తమిళనాడులో తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనిషియల్. మహారాష్ట్రలో పిల్ల పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు మూడూ రాస్తారు. ఒడిశాలో ఇంటిపేరు చివరకు వెళుతుంది. రెండు రాష్ట్రాల్లో చదివిన పిల్లకు పదో తరగతి పత్రంలో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు, బ్యాంకు పుస్తకంలో మరొక పేరు ఉంటాయి. మనిషి ఒక్కతే అని మనకు తెలుసు, కంప్యూటరుకు తెలియదు. కాబట్టి పదో తరగతి పత్రంలోని పేరును ఆధారం చేసుకుని మిగతావాటిని దానికి సరిచేయించండి. ఈ పని ఫలితాలు వచ్చాక కాదు, పన్నెండో తరగతి చదువుతుండగానే కావాలి.

కేంద్ర పథకాలలో చాలావాటికి నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. ముందు ఆధార్‌తో ఒకసారి నమోదు చేసుకుంటే 14 అంకెల నంబరు వస్తుంది. దాన్ని భద్రంగా రాసి పెట్టుకోండి. దరఖాస్తు పంపడంతో పని అయిపోదు. మీ కాలేజీవారు దాన్ని పరిశీలించి పైకి పంపాలి. తప్పుంటే వెనక్కి వస్తుంది. గడువులోగా సరిచేసి మళ్లీ పంపాలి. అందుకే వారానికోసారి పోర్టల్‌లో చూసుకోండి, కాలేజీలో ఆ పని చూసేవారిని మర్యాదగా గుర్తు చేయండి. డబ్బు ఆధార్‌కు జతపడిన బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. రెండు ఖాతాలుంటే ఏది జతపడిందో బ్యాంకులో అడిగి తెలుసుకోండి. ప్రతి ఏడూ రెన్యువల్ ఉంటుంది. పి.ఎం.-యు.ఎస్.పి.కి 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండాలి. దరఖాస్తుకు రుసుము లేదు. స్కాలర్‌షిప్పు ఇప్పిస్తామని డబ్బు అడిగినా, ఫోనులో ఓ.టి.పి. అడిగినా ఇవ్వకండి.

ప్రతి పథకంలోనూ షరతులు, తేదీలు ఏటా మారుతుంటాయి. ఆ ఏడు వెలువడిన ప్రకటన చదివే దరఖాస్తు పెట్టాలి. అది ఇంగ్లీషులోనో, ఆ రాష్ట్రపు భాషలోనో ఉంటుంది. మన ఇళ్లలో తెలుగు ఒక్కటే చదవగలిగిన తల్లిదండ్రులు ఎందరో, అసలు చదువే రానివారు ఎందరో. రెండు భాషలు వచ్చినవాళ్లం, ముఖ్యంగా ఉపాధ్యాయులం, ఆ ప్రకటనను తెలుగులో నాలుగు వాక్యాలుగా రాసి బడి గోడ మీద, గుడి దగ్గర, పాల కేంద్రం దగ్గర అంటించగలం. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఈ ఏడు మీ ఇంట్లో పన్నెండో తరగతి పిల్లలుంటే, ఒక కాగితం మీద మూడు సంగతులు రాసి పెట్టండి. మా నివాసం ఏ రాష్ట్రం, పరీక్ష ఏ బోర్డు, చేరబోయే కాలేజీ ఎక్కడ. ఏ స్కాలర్‌షిప్పు పేరు విన్నా, ఇది ఈ మూడింట్లో దేన్ని చూస్తుంది అని అడగండి. కాదు, రాదు అని ఎవరైనా నోటిమాటగా అంటే, ఆ నిబంధన చూపించమనండి. పిల్లలు కష్టపడి తెచ్చుకున్న మార్కులకు మనం చేయగలిగిన గౌరవం అది.