బంటు వేయించిన రాయి



మన సభ జరుగుతున్న ఈ పెద్ద అంబర్‌పేట్ నుంచి విజయవాడ రోడ్డు పట్టుకొని పోతే నకిరేకల్ వస్తుంది. ఆ మండలంలోని చందుపట్లలో ఒక రాతిశాసనం ఉంది. కాకతి రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వారి పుణ్యానికి సోమనాథ దేవరకు భూమి ఇచ్చామని చెప్పే శాసనం. తేదీ 1289 నవంబరు 27. ఆ మహారాణి ఎప్పటికి కన్నుమూసిందో మనకు తెలిసింది ఆ రాయి వల్లనే. వేయించింది రాజు కాదు, మంత్రి కాదు. మల్లికార్జున నాయకుని బంటు పువ్వుల ముమ్మడి.

మీరు చర్చకు ఎంచుకున్న విషయం నమ్మినబంటు. ఆ మాట వినగానే అందరికీ హనుమంతుడు తలపుకొస్తాడు. నాకు ముమ్మడి తలపుకొచ్చాడు. ఏలినవాళ్లిద్దరూ పోయారు, మెచ్చుకునేవాళ్లు లేరు. అయినా దానం చేశాడు. రాణి పేరున్న రాతి మీదనే తన పేరూ నిలుపుకున్నాడు.

కావ్యాల్లో బంట్లకు, దాసీలకు ఇంత చోటు దొరకలేదు. తిక్కన విరాటపర్వమే తీసుకోండి. వానలు పడకపోతే ఊళ్లల్లో చదివించే పర్వం అది. పరాయి ఇంట కొలువు చేసే ఆడమనిషి భయాన్ని అంత దగ్గరగా చూపిన పాత కావ్యం నాకు మరొకటి తెలియదు. నిండు సభలో సైరంధ్రిని కీచకుడు తన్నినా విరటుడు అతన్ని అదుపు చేయలేకపోయాడు. అయితే ఆ సైరంధ్రి ద్రౌపది. ఏడాది గడిస్తే మళ్లీ రాణి. పుట్టుదాసికి ఆ పద్యాలు దక్కేవా?

ఆ పుట్టుదాసిని చూడాలంటే తెలంగాణ గడీలోకి రావాలి. దొరబిడ్డ అత్తగారింటికి పోతుంటే సామానుతో పాటు పంపిన ఆడబాప ఆమె. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు'లో ఆ బతుకును రాశారు. 1988లో బి. నర్సింగరావు 'దాసి' తీశారు. అందులో కమలాక్షిగా అర్చన మాటల కన్నా చూపులతోనే ఎక్కువ చెప్పింది. ఆ చాకిరీని విశ్వాసం అనడానికి నాకు నోరు రాదు. పోయే దారి ఉండి కూడా నిలబడితే అది విశ్వాసం. గడప దాటితే బతుకే లేని చోట అది చెర. మనమేమో 'ఉప్పు తిన్న విశ్వాసం' అని ఇప్పటికీ వ్యాసాలు రాస్తున్నాం. దున్నింది, నాటేసింది, కోసింది, దంచి వండిపెట్టింది ఆ చాకిరీ చేసినవాళ్లే కదా! ఎవరి తిండి ఎవరు తిన్నట్టు?

'ప్రజల మనిషి' రాసిన వట్టికోట ఆళ్వారుస్వామి చిన్నతనంలో పరుల ఇళ్లల్లో వంట చేసి బతికినవాడు. వెట్టి గురించి ఆయన రాసిన చోట నాకు జాలి కన్నా కోపమే ఎక్కువ కనబడుతుంది. పత్రాలు చదవబోతున్న మిత్రులను ఒకటి అడుగుతాను. సేవకుని పాత్ర ఎదురైతే, యజమాని లేనప్పుడు ఆ మనిషి ఏం మాట్లాడాడో వెతకండి. ఏమీ మాట్లాడకపోతే ఆ సంగతీ రాయండి.

మా ఇంటి మాటా ఒకటి చెప్పాలి. మా ఇంట్లో జీతం ఉన్న పెద్దాయన నన్ను భుజాల మీద బడికి తీసుకుపోయేవాడు. ఆయనకు అరవై, నాకు ఆరు. నేను 'అరేయ్' అనేవాణ్ణి, ఆయన 'పటేలా' అనేవాడు. పెద్దలెవరూ నన్ను దిద్దలేదు. ఆయన పోయిన రోజు ఇంట్లో అందరూ 'నమ్మకస్తుడు పోయాడు' అని కళ్లు తుడుచుకున్నారు. ఆయన పిల్లల పేర్లు మాలో ఒక్కరికీ తెలియవు.