‘వేడి చేసింది’ అన్న మాట వెనక

(మహిళా ఆరోగ్య కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల ఆరోగ్యం అనగానే మన సంఘాల్లో ఇన్నేళ్లుగా ఎక్కువగా మాట్లాడుకున్నది కాన్పుల గురించి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల గురించి, గర్భనిరోధక ఇంజెక్షన్ల గురించి. అవి మాట్లాడుకోవలసినవే. రాజ్యం స్త్రీని ప్రధానంగా పిల్లల్ని కనే శరీరంగా చూసింది కాబట్టి మన పోరాటాలూ అక్కడే మొదలయ్యాయి. ఆ క్రమంలో గర్భసంచిని ఆనుకునే ఉన్న మూత్రాశయం మన చర్చల్లోకి రాలేదు. ఈరోజు దాని గురించి మాట్లాడాలనుకుంటున్నాను. నేను డాక్టర్ని కాను, సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. ఒక బాధను జబ్బుగా ఎవరు గుర్తిస్తారు, ఏ కొలతతో గుర్తిస్తారు, ఆ కొలతలో స్త్రీ చెప్పే మాటకు ఎంత విలువ ఉంటుంది అన్నవి నా ప్రశ్నలు.

ఊళ్లలో స్త్రీలతో మాట్లాడుతున్నప్పుడు మూత్రంలో మంటకు నేను తరచుగా వినే మాట ‘వేడి చేసింది’. మజ్జిగ తాగమంటారు, సబ్జా గింజలు నానబెట్టుకోమంటారు, బార్లీ నీళ్లు కాచిస్తారు. ఈ మాటలో ఒక సౌకర్యం ఉంది. ఎండను అనవచ్చు, తిండిని అనవచ్చు. ఆ అవయవం పేరెత్తకుండా బాధ చెప్పుకోవచ్చు. ఎవరూ చెడుగా అనుకోరు. సిగ్గుపడమని నేర్పిన సమాజంలో స్త్రీలు తమకోసం తయారుచేసుకున్న భాష ఇది. అయితే ఈ భాష ఇంటి గడప దాటి ఆసుపత్రికి వెళ్లేసరికి పనికిరాకుండా పోతుంది. అక్కడ ల్యాబ్ కాగితం మాట్లాడుతుంది. కాగితం మీద ‘నార్మల్’ అని ఉంటే మంట ఉన్నా లేనట్టే. ‘ఏమీ లేదమ్మా, ఊరికే దిగులు పెట్టుకోకు’ అని పంపేస్తారు.

ఆ కాగితం మీది అంకెకు ఒక చరిత్ర ఉంది. అమెరికాలోని బోస్టన్‌లో ఎడ్వర్డ్ కాస్ అనే డాక్టర్ 1956లో ఒక హద్దు ప్రతిపాదించాడు. మిల్లీలీటరు మూత్రంలో లక్ష, అంతకుమించి బాక్టీరియా ఉంటే ఇన్ఫెక్షన్ అన్నాడు. పట్టిన మూత్రంలో చర్మం మీది బాక్టీరియా కూడా కలుస్తుంది కదా, దానికీ నిజమైన ఇన్ఫెక్షన్‌కూ తేడా తెలుసుకోవడానికి ఆ అంకె ఉపయోగపడింది. ఆయన చూసింది ముఖ్యంగా కిడ్నీల దాకా ఇన్ఫెక్షన్ పాకిన వాళ్లని, ఏ బాధా లేని వాళ్లని. మంటతో, మాటిమాటికీ మూత్రం వస్తూ ఆసుపత్రికి వచ్చే మామూలు స్త్రీ ఆ లెక్కలో ప్రధానంగా లేదు. అయినా ఆ లక్ష అనే అంకె ప్రపంచమంతటా ల్యాబుల్లో స్థిరపడింది.

1982లో వాల్టర్ స్టామ్, ఆయన సహచరులు సరిగ్గా అలాంటి మామూలు స్త్రీలనే పరీక్షించారు. మూత్రాశయం నుంచి నేరుగా నమూనా తీసి చూస్తే ఇన్ఫెక్షన్ ఉందని తేలిన వాళ్లలో సుమారు సగం మందికి, మామూలుగా పట్టిన మూత్రంలో అంకె లక్షకు లోపే ఉంది. బాధ ఉన్న స్త్రీల విషయంలో హద్దు లక్ష కాదు, వంద దగ్గర ఉండాలని వాళ్లు చెప్పారు. అంటే లక్షను మాత్రమే నమ్ముకున్న చోట, నిజంగా జబ్బున్న ప్రతి ఇద్దరిలో ఒకరికి ‘నీకేం లేదు’ అన్న సమాధానం దొరికే అవకాశం ఉంది.

ఇంకొక నమ్మకం కూడా ఈమధ్య కదిలిపోయింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మూత్రంలో బాక్టీరియా అసలు ఉండదని చాలాకాలం పాఠాల్లో చెప్పారు. చికాగో లొయోలా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012 నుంచి దీన్ని ప్రశ్నిస్తూ వచ్చారు. 2014లో వాళ్లు ప్రచురించిన అధ్యయనంలో, ట్యూబు ద్వారా మూత్రాశయం నుంచి నేరుగా తీసిన 65 నమూనాలను మామూలు కల్చర్ కన్నా మెరుగైన పద్ధతిలో పెంచి చూస్తే 52 నమూనాల్లో బాక్టీరియా పెరిగింది. ఆ 52లో 48 నమూనాలకు మామూలు ల్యాబ్ పద్ధతి ‘ఏమీ పెరగలేదు’ అనే చెప్పింది. మూత్రాశయ జబ్బు లేని స్త్రీలలో కూడా బాక్టీరియా కనిపించింది.

ఈ రెండు పరిశోధనలను కలిపి చదివితే మనకు అర్థమయ్యేదేమిటి? అంకె తక్కువున్నంత మాత్రాన జబ్బు లేదనలేం. బాక్టీరియా కనిపించినంత మాత్రాన జబ్బు ఉందనీ అనలేం. అందుకే ఏ బాధా లేని స్త్రీకి, రిపోర్టులో బాక్టీరియా ఉందన్న కారణంతో యాంటీబయాటిక్ ఇవ్వవద్దని నేటి వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. గర్భిణులు దీనికి ముఖ్యమైన మినహాయింపు. వాళ్లకు బాధ లేకపోయినా పరీక్ష చెయ్యాలి, అవసరమైతే మందు ఇవ్వాలి. మిగిలినవాళ్ల విషయంలో తీర్పు చెప్పేది చివరికి ఆమె అనుభవమే. ఆమెకు మంట ఉందా, ఎప్పటి నుంచి, ఎలా ఉంది అన్నదే.

ఇది భావోద్వేగంతో అంటున్న మాట కాదు. అందుబాటులో ఉన్న అధ్యయనాలను 2002లో సమీక్షించిన పరిశోధకులు ఒక విషయం తేల్చారు. మూత్రంలో మంట, మాటిమాటికీ వెళ్లవలసి రావడం ఉండి, తెల్లబట్టగానీ యోనిలో దురదగానీ లేవని స్త్రీ చెబితే, ఆమెకు మూత్ర ఇన్ఫెక్షన్ ఉండే అవకాశం నూటికి 90 కన్నా ఎక్కువ. ఆమెను మూడు ప్రశ్నలు అడిగి, జవాబులు శ్రద్ధగా వింటే చాలు. మన ఆసుపత్రుల్లో లేనిది ఆ వినే తీరికే. తెల్లబట్ట ఉందా అన్న మూడో ప్రశ్న చాలా ముఖ్యం. ఉందంటే అది వేరే జబ్బు కావచ్చు, పరీక్షా వేరు, మందూ వేరు. ఆ ప్రశ్న అడగకుండా ఇచ్చిన మాత్రలు రెండు జబ్బులనూ అలాగే ఉంచేస్తాయి.

అడగని ప్రశ్నలకు మన రాష్ట్రాల్లో స్త్రీలు చాలా పెద్ద మూల్యం చెల్లించారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తంమీద నూటికి సుమారు 3 మంది. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 మంది, తెలంగాణలో 8 మంది. దేశంలో ఇవే అత్యధికం. పొత్తికడుపు నొప్పి అనో, తెల్లబట్ట అనో, మంట అనో వెళ్లిన మనిషికి ‘గర్భసంచి చెడిపోయింది, తీసేస్తే పీడా పోతుంది’ అని చెప్పడం మీలో చాలామందికి తెలిసిన విషయమే. గర్భసంచి తీసివేత మూత్ర ఇన్ఫెక్షన్‌కు చికిత్స కాదు. పైగా మూత్రాశయానికి కొత్త చిక్కు తేవచ్చు. స్వీడన్‌లో 1,65,000 మందికి పైగా గర్భసంచి తీసిన స్త్రీలను, తీయని వాళ్లతో పోల్చి 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, దగ్గినా తుమ్మినా మూత్రం కారిపోయే బాధకు తర్వాతికాలంలో ఆపరేషన్ చేయించుకోవలసిన అవసరం వీళ్లలో రెండు రెట్లకు మించి ఉంది. అనవసరంగా గర్భసంచులు తీయడాన్ని అరికట్టే మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ అమలు చెయ్యాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ఆదేశం జిల్లా ఆసుపత్రి గోడ మీదికి వచ్చిందా అని అడిగేవాళ్లు మనమే కావాలి.

ఇక చికిత్స, నివారణల సంగతికి వస్తాను. ‘నీళ్లు బాగా తాగు’ అని ప్రతి డాక్టరూ చెబుతాడు. ఆ సలహాకు ఇప్పుడు గట్టి రుజువు ఉంది. బల్గేరియాలో 140 మంది స్త్రీల మీద జరిపిన అధ్యయనం 2018లో వెలువడింది. వాళ్లు రోజుకు లీటరున్నర కన్నా తక్కువ ద్రవాలు తాగేవాళ్లు, పదేపదే ఇన్ఫెక్షన్ వచ్చేవాళ్లు. సగం మందిని రోజూ మరో లీటరున్నర నీళ్లు తాగమన్నారు. ఏడాదిలో, అలా తాగినవాళ్లకు సగటున 1.7 సార్లు ఇన్ఫెక్షన్ వస్తే, తాగనివాళ్లకు 3.2 సార్లు వచ్చింది. యాంటీబయాటిక్‌ల వాడకం కూడా దాదాపు సగానికి తగ్గింది.

ఇంత చౌకైన మందు మరొకటి లేదు. కానీ తాగిన నీళ్లు ఎక్కడికి పోవాలి? మిరపకాయలు ఏరే కూలీకి, పత్తి తీసే మనిషికి చుట్టూ చెట్టు చాటు కూడా ఉండదు. మేస్త్రి, మగకూలీలు కళ్ల ముందే ఉంటారు. బట్టల షాపులో పది గంటలు నిలబడే అమ్మాయికి మరుగుదొడ్డి ఉండదు, ఉన్నా మాటిమాటికీ వెళితే సూపర్‌వైజర్ మాటలు పడాలి. అందుకని పొద్దుటి నుంచే నీళ్లు మానేస్తారు, వచ్చిన మూత్రం ఆపుకుంటారు. 2005 ఉపాధి హామీ చట్టం పనిచోట తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె, పసిపిల్లల్ని చూసుకునే మనిషి ఉండాలని చెప్పింది. మరుగుదొడ్డి ఆ జాబితాలో లేదు. తాగడం హక్కుగా కనిపించింది గానీ, తాగిన తర్వాతి సంగతి చట్టం రాసినవాళ్లకు తోచలేదు. 

స్త్రీలకు మూత్రనాళం పొట్టిది, నాలుగు సెంటీమీటర్లే, అందుకే ఇన్ఫెక్షన్లు ఎక్కువ అని వైద్య పుస్తకాలు చెబుతాయి. అది నిజమే. షాపు యజమాని భార్యకూ, ఆ షాపులో పనిచేసే అమ్మాయికీ మూత్రనాళం పొడవు మాత్రం ఒక్కటే. తేడా అంతా తాళం ఉన్న మరుగుదొడ్డి ఎవరి చేతిలో ఉందన్న దగ్గరే వస్తుంది. కేరళలోని కోళికోడ్‌లో మిఠాయి వీధి షాపుల్లో పనిచేసే స్త్రీలు ఈ విషయాన్ని మనకన్నా ముందే పట్టుకున్నారు. దర్జీ పని చేసే విజి అనే కార్యకర్త ‘పెణ్‌కూట్ట్’ అనే సంఘం కట్టి, మరుగుదొడ్డి కోసం మొదలుపెట్టిన పోరాటం కూర్చునే హక్కు దాకా సాగింది. 2018లో కేరళ ప్రభుత్వం షాపుల చట్టాన్ని సవరించి కూర్చునే హక్కును అందులో చేర్చవలసి వచ్చింది. మూత్రాశయ జబ్బుల నివారణలో ఇదీ ఒక భాగమేనని నేనంటాను.

మందుల విషయంలో కూడా కొత్త సంగతులున్నాయి. మన దేశంలో ఈ జబ్బుకు ఎక్కువగా కారణమయ్యే ఇ. కోలై బాక్టీరియా సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి పాత మందులకు చాలావరకు లొంగడం లేదు. మెడికల్ షాపులో అడిగి రెండు మాత్రలు తెచ్చుకుని, మంట తగ్గగానే మానెయ్యడం ఈ పరిస్థితికి ఒక కారణం. డాక్టర్ ఫీజు, ఒక రోజు కూలీ రెండూ పోగొట్టుకోలేని మనిషి చేసే పని అది. ఆమెను తిట్టి ప్రయోజనం లేదు. 2025 మార్చిలో జెపోటిడాసిన్ అనే కొత్త తరగతి మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది. అయితే కొత్త యాంటీబయాటిక్ లేకుండానే పదేపదే వచ్చే ఇన్ఫెక్షన్‌ను తగ్గించవచ్చని మరి రెండు అధ్యయనాలు చూపాయి. బ్రిటన్‌లో 240 మంది స్త్రీలతో చేసి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, మెథెనమైన్ అనే పాత మందు రోజూ వాడే యాంటీబయాటిక్‌కు దీటుగా పనిచేసింది. ముట్లుడిగిన స్త్రీలకు యోనిలో రాసే ఈస్ట్రోజన్ క్రీము గురించి 1993లోనే తెలుసు. ఆ అధ్యయనంలో క్రీము వాడినవాళ్లకు ఏడాదికి సగటున 0.5 సార్లు, వాడనివాళ్లకు 5.9 సార్లు ఇన్ఫెక్షన్ వచ్చింది. ముప్పై ఏళ్లు దాటినా, యాభై దాటిన మన స్త్రీలకు ఈ సంగతి చెప్పేవాళ్లు అరుదు. ఆ వయసు స్త్రీ యోని గురించి మాట్లాడటం డాక్టరుకూ ఇబ్బంది, ఆమెకూ ఇబ్బంది. ఆ ఇబ్బంది ఖరీదు ఆమె ఒంటి మీద పడుతోంది.

కార్యకర్తలుగా మనం వెంటనే చెయ్యగల పనులు కొన్ని ఉన్నాయి. 

మన సమావేశాల్లో ‘వేడి చేసింది’ అన్న మాట వినబడగానే ఆ మూడు ప్రశ్నలూ అడుగుదాం. మంటతోపాటు చలిజ్వరం, నడుము పక్క నొప్పి, వాంతులు ఉంటే, లేదా ఆమె గర్భిణి అయితే, మజ్జిగతో సరిపెట్టకుండా ఆరోజే ఆసుపత్రికి తీసుకువెళదాం. మూత్రంలో రక్తం కనిపిస్తే ‘నెలసరిదేమో’ అని వదిలెయ్యవద్దు. రక్తం కనిపించాక మూత్రాశయ క్యాన్సర్ అని తేలడానికి పురుషులకు సగటున 73 రోజులు, స్త్రీలకు 85 రోజులు పట్టిందని 2014లో అమెరికాలో వెలువడిన అధ్యయనం చెప్పింది. అక్కడే ఆ తేడా ఉంటే ఇక్కడి సంగతి ఊహించుకోండి.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మూత్ర పరీక్ష, అవసరమైనవాళ్లకు కల్చర్ ఉచితంగా జరగాలని అడుగుదాం. గర్భసంచి తీసెయ్యాలన్న ప్రతి సలహాకూ రెండో డాక్టర్ అభిప్రాయం తీసుకునేలా తోడు వెళదాం. పని స్థలంలో తలుపు, నీళ్లు ఉన్న మరుగుదొడ్డి, దానికి వెళ్లే విరామం కూలి ఒప్పందంలో భాగం కావాలని, కనీస కూలి అడిగినంత గట్టిగానే అడుగుదాం.

మీ మీ ప్రాంతాల్లో స్త్రీలు ఈ బాధను ఏ మాటల్లో చెబుతారో, ఎక్కడికి వెళతారో, అక్కడ వాళ్లకు ఏ జవాబు దొరుకుతుందో రాసి తీసుకురండి. వచ్చే సమావేశంలో ఆ మాటలతోనే చర్చ మొదలుపెడదాం.