ఎవరి నడుగవలెను?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)

 

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయమునకు వచ్చి పత్రికలు చదువుకొని పోవుచున్నవాడనే గాని, వేదికపై నిలిచి మాటలాడుట నాకిదే మొదలు. కార్యదర్శిగారు నాకొసగిన విషయము, సామాజిక మాధ్యమములు అన్వేషణ యంత్రములతో పోటీ పడగలవా అనునది. ఫోను చేతగల ప్రతివారును ఈ ప్రశ్నకు తెలియకయే దినమునకు పదిమార్లు సమాధానము చెప్పుచున్నారు. సందేహము కలిగినపుడు కొందరు గూగుల్‌లో వెదకుదురు, కొందరు వాట్సాప్ బృందములో అడుగుదురు.

అంతర్జాలమునకు మొదట సూచిక వ్రాసినది మనుష్యులే. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున చదువుచుండిన జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో అనువారు 1994లో తమకు నచ్చిన పుటలను విషయవారీగా పేర్చినదే యాహూ. మన గ్రంథపాలకుడు బీరువాలలో పుస్తకములు సర్దినట్లే యనుకొనుడు. పుటలు కోట్లకు పెరుగగా చేతిపని చాలలేదు. ఆ విశ్వవిద్యాలయమువారే యైన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో గూగుల్ సంస్థను నెలకొల్పిరి. వారి యుక్తి యేమనగా, ఒక పుట మరియొక పుటకు దారి చూపినచో దానిని సాక్ష్యముగా నెంచుట. సాక్ష్యము పలుకు పుటకే సాక్షులెక్కువ యున్నచో దాని మాటకు బరువెక్కువ. పదిమంది గౌరవించు పెద్దమనిషి యొకనిని మంచివాడన్నచో ఆ మాటకెంత విలువయో ఇదియు నంతే. కనుక యంత్రమని మనమనుకొను దాని మూలమున నున్నదియు మనుష్యుల సిఫారసే.

ఫేస్‌బుక్ 2004లో పుట్టినది. 2010 మార్చిలో ఒక వారమున అమెరికాలో దానిని దర్శించినవారు గూగుల్‌ను దర్శించినవారిని మించిరని లెక్కలు వెలువడగా, ఇక గూగుల్ పని అయిపోయినదని అనేకులు తలచిరి. ఎవరి పొలములోనికి వారు దిగి చూచుకొనిరి కూడ. గూగుల్‌వారు 2011లో గూగుల్ ప్లస్ అను మాధ్యమమును తెరచి, 2019లో సామాన్యులకు మూసివేసిరి. ఫేస్‌బుక్‌వారు 2013లో మిత్రుల ఇష్టాయిష్టములలో వెదకు సాధనమును ప్రకటించిరి, అదియు నిలువలేదు. మన పిల్లలు మొదట మరిగిన ఆర్కుట్ కూడ గూగుల్‌వారిదే. 2014లో కాలము చేసినది. ఇవి వ్యాపారుల గెలుపోటములు. మన గెలుపోటములు వేరు.

2021వ సంవత్సరపు మిరప పంటను ఈ సభలో మరచినవారుండరు. ఆ కార్తీకమున నా రెండెకరముల తోటలో పూత నిలువక రాలసాగెను. తామర పురుగు మనకు పాత చుట్టమే. ఆకు పైకి ముడుచుకొన్నచో తామర పురుగనియు, క్రిందికి ముడుచుకొన్నచో నల్లి యనియు మన పిల్లలు సైతము చెప్పగలరు. ఈ పురుగు నల్లనిది; పూవులో గుంపుగా చేరినది. నేను ముందుగా గూగుల్‌ను ఆశ్రయించితిని. మిరపలో పూత రాలుట అని తెలుగున వ్రాయగా, అది పాత తామర పురుగును గూర్చియు, పోషక లోపములను గూర్చియు ఉన్న పుటలను చూపెను. అబద్ధమేమియు చెప్పలేదు. నా తోటలోని పురుగు మాత్రము వానిలో లేదు.

ఆ రాత్రి మా రైతుల వాట్సాప్ బృందమున ఒక ఛాయాచిత్రము పెట్టితిని. అర్ధగంటలో ముగ్గురు, తమ తోటలలోను ఇదేయని చిత్రములు పంపిరి. ఖమ్మము వైపున నున్న మా మేనల్లుడు, “మామయ్యా, ఇక్కడను ఇదే గతి” యని వ్రాసెను. రోగము నా యొక్కని తోటది కాదనియు, వచ్చినది కొత్త పురుగనియు ఒక్క రాత్రిలో తెలిసినది. ఏ యంత్రమును నాడు నాకింత చెప్పియుండలేదు.

తెల్లవారిన పిమ్మట ఆరంభమైనది అసలు కథ. ఒకరు ఒక మందు చెప్పిరి, వేరొకరు రెండు కలిపి కొట్టుమనిరి. పురుగుమందుల వ్యాపారి యొకరు కూడ బృందములో నుండిరి; ఆయన సలహా తన బల్లపైనున్న సీసాను దాటి పోలేదు. మూడు వారములలో ఏడుమార్లు పిచికారి చేసితిని. పురుగు తగ్గకపోగా పెరిగినది. నీలిరంగు జిగురు అట్టలు పెట్టుడు, వేపనూనె వాడుడు, ఇష్టానుసారము మందులు కొట్టినచో మిత్ర పురుగులు చచ్చి శత్రువు బలపడును అని శాస్త్రజ్ఞులు చెప్పిన మాట నాకు చేరుసరికి తోటలో మిగిలినది కట్టెయే.

తరువాత మా అమ్మాయి ఆ గూగుల్‌లోనే వెదకి చూపినది. ఆ పురుగు మన దేశమున బెంగుళూరు ప్రాంతపు బొప్పాయిపై కనబడినదని 2015లోనే ఆంగ్లమున వ్రాసియున్నారు. దాని శాస్త్రనామము త్రిప్స్ పార్విస్పినస్. ఆ రెండు మాటలు వ్రాసినచో చాలును, సమస్తము వచ్చును. సమాధానమచ్చట నున్నది, అడుగవలసిన మాట నాయొద్ద లేకపోయెను. బృందమునకు మాటతో పనిలేదు, బొమ్మ చూపినను గ్రహించును. కాని చెప్పువాడెవడు, వానికి తెలిసినదెంత, వానికి వచ్చు లాభమేమి అని తూచు త్రాసు అందులో లేదు.

త్రాసు లేనిచోట ప్రమాదము పంటతో ఆగదు. 2018లో పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని వాట్సాప్‌లో వదంతులు ప్రబలి దేశమున అమాయకుల ప్రాణములు పోయినవి. తెలంగాణమున జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరిగారు తమ సిబ్బందిని ఊరూరికి పంపి పాటలతోను డప్పులతోను నిజము చాటించిరి. వాట్సాప్‌వారును ఆ సంవత్సరమున మన దేశములో, ఒక సందేశమును ఒకమారు ఐదింటికి మించి పంపరాదని కట్టడి చేసిరి.

అయినను, రుచికిని పరిచయమునకును సంబంధించిన ప్రశ్నలలో మాధ్యమములే గెలుచుచున్నవని నా అభిప్రాయము. భోజనమునకు చోటు వెదకు యువజనులలో సుమారు 40 శాతము తమయొద్దకు రాక టిక్‌టాక్‌కో ఇన్‌స్టాగ్రామ్‌కో పోవుచున్నారని గూగుల్ ఉన్నతోద్యోగి ప్రభాకర్ రాఘవన్ 2022లో స్వయముగా చెప్పిరి. 2024లో గూగుల్, రెడ్డిట్ అను చర్చావేదికలోని జనుల సంభాషణలను వాడుకొనుటకు ఒప్పందము చేసికొనినది. యంత్రమునకు మనుష్యుల ముచ్చట్లు కావలసివచ్చినవన్నమాట.

మన తెలుగువారి ముచ్చట్లు మాత్రము యంత్రమునకు దొరకవు. వాట్సాప్‌లో వ్రాసినది గూగుల్‌కు కానరాదు. ఫేస్‌బుక్‌లోనిదియు చాల భాగమంతే. ఆ రాత్రి మేము చెప్పుకొన్నదంతయు ఏమైనది? ఫోను మార్చినపుడు నా ప్రతి పోయినది. మరల అట్టి పురుగు వచ్చి, మరియొక రైతు తెలుగున వెదకినచో, మా ఏడు పిచికారీల కథ అతనికి దొరకదు.

కావున కార్యదర్శిగారికి ఒక మనవి. ఈ గ్రంథాలయమున ఒక పెద్ద పుస్తకము పెట్టించి, పంటలలో ఎవరేమి చూచిరో, ఏమి వాడిరో, ఏమయ్యెనో తేదీలతో వ్రాయించుడు. చదువుకొన్న పిల్లలు దానిని అందరికి తెరచియున్న పుటగా అంతర్జాలమున పెట్టుదురు గాక. పురుగునకు తెలుగు పేరును శాస్త్రనామమును రెండును పక్కపక్కన వ్రాయవలెను. మొదటి పుట నేను వ్రాసి తెచ్చితిని. మందుల పేర్లు, కొట్టిన తేదీలు, అయిన ఖర్చు అన్నియు ఇందున్నవి. నా తెలివితక్కువయు ఉన్నది. దీనిని వారికి అందజేయుచున్నాను.