డిస్కులోని కారు పందెము

2022 జూలైలో గోదావరి భద్రాచలము కడ 71.3 అడుగులకు పొంగెను. సారపాకకును భద్రాచలమునకును నడుమనున్న వంతెనపై రాకపోకలు నిలిచెను. అట్టి దినములలో ఇల్లు కదలలేని పిల్లవాడు, కరెంటున్న గడియలలోనైనను, ఆటయంత్రములో కారు పందెపు డిస్కు పెట్టి ఆడుకొనగలడా? వేల రూపాయలు పోసి కొనియిచ్చిన తండ్రికి ఇది చిన్న ప్రశ్న కాదు.

1997లో ప్లేస్టేషనుపై గ్రాన్ టురిస్మో వెలువడిన నాడు ఈ సందేహమే లేదు. కారులు, బాటలు, ఎదుటి పందెగాండ్రు, సమస్తమును డిస్కులోనే యుండెడివి. గెలుపుల లెక్క మెమరీ కార్డులో నిలిచెడిది.

2022 మార్చి 4న వచ్చిన గ్రాన్ టురిస్మో 7 తీరు వేరు. ఒంటరిగా ఆడుకొను ప్రధాన భాగమునకు సైతము ఇంటర్నెట్ కావలెను. ఆటగాని సంపాదన లెక్కలను ఎవరును తారుమారు చేయకుండ దూరపు సర్వరు కావలి కాయుచుండును. ఆ నెలలోనే ఆ సర్వర్లు ముప్పది గంటలకు పైగా మూతపడగా, లోకమంతట ఆటగాండ్రు ఊరక కూర్చుండిరి. అడవి అంచున నున్న మనకు ఇది క్రొత్త అనుభవము కాదు గదా!

ఇక వేగము మాట. నెట్టు లేనిచో ఆట మందగించునని కొందరందురు. అది పొరపాటు. సెకనుకు 60 చిత్రములు గీయుట, మలుపులో చక్రము జారుట, యంత్రము నడపు ఎదుటి కారు దారి కాచుట, ఈ లెక్కలన్నియు మన గదిలోని పెట్టెయే చేయును. నెట్టు తడబాటు కుదుపుగా కనబడునది దూరపు మనుష్యులతో పందెము వేసినపుడే. అయితే డిస్కు అచ్చయిన పిమ్మట చేసిన దిద్దుబాట్లు మాత్రము నెట్టు వెంటనే రావలెను.

ఇంతకన్న కఠినమైన ఉదంతము 2014 డిసెంబరులో వచ్చిన ‘ది క్రూ’ అను ఆటది. యూబీసాఫ్ట్ సంస్థ 2024 మార్చి 31న దాని సర్వర్లను ఆపివేసెను. డిస్కుపై గీత పడలేదు, యంత్రము చెడలేదు, ఆట మాత్రము ఆడుటకు వీలులేకపోయెను. కొన్నది డిస్కునా, అనుమతినా? రాస్ స్కాట్ అనునతడు ఆ యేడే ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమమును ఆరంభించెను. ఇందుకు రెండు నెలల ముందు, జనవరి 31న, గ్రాన్ టురిస్మో స్పోర్ట్ సర్వర్లును ఆగెను. కాని దాని నిర్మాతలు దిద్దుబాటు పంపి, ఒంటరి ఆట నెట్టు లేకయే సాగునట్లు చేసిరి. అట్లు చేయుట సాధ్యమేనని దీనివలన తేలినది.

కావున డిస్కు కొనువారు అట్టపెట్టె వెనుకనున్న చిన్న అక్షరములు ముందు చదువవలెను. ఇంటికి తెచ్చిన పిమ్మట దిద్దుబాట్లు దించుకొని, నెట్టు ఆపి, ఒక పందెము తుదివరకు నడిపి చూడవలెను. వానకాలమునకు ముందే ఈ పరీక్ష జరుగుట మేలు.