కలుపులో పారేసే కూర



మన బయ్యారం చెరువు గురించి ఈ ప్రాంతంలో తెలియనివారుండరు. కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ కట్టించిన చెరువది. శాసనంలో దాని పేరు ధర్మకీర్తి సముద్రం. ఆ చెరువు కింద వరి పండించడానికి మనం పడే కష్టం ఇంతా అంతా కాదు. కానీ ఎవరూ విత్తకుండా, ఎవరూ నీళ్ళు కట్టకుండా గట్ల మీద, మిరప సాళ్ళలో, బోరు కాలువ పక్కన తనంత తాను మొలిచే కూర ఒకటుంది. అదే గంగవాయిలి. కోస్తా వైపు పాయలకూర, గంగపాయల అంటారు.

కలుపుకు పోయిన ప్రతివారికీ ఇది తెలుసు. నేలకు పాకే ఎర్రని కాడలు, చెంచాలాంటి దళసరి ఆకులు, కొసన చిన్న పసుపు పువ్వు. ఆ పువ్వు పొద్దెక్కాక విచ్చుకుని మధ్యాహ్నానికల్లా ముడుచుకుంటుంది. తరువాత కాసే కాయకు చిన్న మూత వుంటుంది. మూత వూడితే ఇసుకలా సన్నని నల్లని గింజలు రాలుతాయి. పీకి గట్టున పడేసినా కాడలో నీరున్నంతకాలం గింజ ముదురుతూనే వుంటుంది. అందుకే ఎంత పీకినా మళ్ళీ మొలుస్తుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. దీనిలాగే నేలకు పాకే పాలమొక్కలు కొన్ని వున్నాయి. కాడ తుంచి చూడండి. తెల్లని పాలు కారితే అది గంగవాయిలి కాదు, ముట్టకండి. గంగవాయిలి కాడలో వట్టి నీరే వుంటుంది.

ఇంతగా దీన్ని గురించి చెప్పడమెందుకంటారా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత వున్నట్టు తేలింది. అంటే సాలుకు పది మంది కలుపు తీస్తుంటే అయిదారుగురికి రక్తం తక్కువన్నమాట! కూర పీకి పారేసేదీ మనమే, రక్తం చాలక కళ్ళు తిరిగి కూర్చునేదీ మనమే. అదే కూరను పట్నంలో కట్టలు కట్టి అమ్ముతుంటే కొనుక్కుంటున్నారు.

గంగవాయిలి మందని నేను చెప్పడం లేదు. డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్రలు మానకూడదు. అయితే రోజూ ఏదో ఒక ఆకుకూర కంచంలో వుండాలి కదా. ఖర్చులేని ఆకుకూర ఇది. గుండెకు మేలుచేసే ఒమేగా-3 కొవ్వు చాలా ఆకుకూరలకన్న దీనిలో ఎక్కువ. ఆక్సాలిక్ ఆమ్లం కూడా ఎక్కువే కనుక మూత్రపిండాల్లో రాళ్ళున్నవారు దీన్ని తినకపోవడం మంచిది. మిగిలినవారు వారానికి ఒకటి రెండు సార్లు వండుకుని, తక్కిన రోజుల్లో వేరే కూరలు తినాలి. అన్నం తిన్న వెంటనే చాయ తాగితే తిన్న ఇనుము ఒంటికి సరిగా పట్టదు. ఓ గంట ఆగండి.

ఇక పెంచడం. చేలో ముదిరిన మొక్కను తెచ్చి కాగితం మీద ఆరబెడితే గింజలు రాలుతాయి. వెడల్పాటి కుండీలోనో, వాకిట్లో ఎండ తగిలే చోటనో ఇసుక కలిసిన మట్టి మీద వాటిని చల్లండి. మట్టి కప్పకూడదు. వెలుతురు తగిలితేనే బాగా మొలుస్తాయి. గింజ లేకపోతే కాడ తుంచి గుచ్చినా వేరు పడుతుంది. నీళ్ళు ఎక్కువైతే కుళ్ళిపోతుంది, మట్టి ఆరాకే పొయ్యండి. అయిదారు వారాల్లో కోతకొస్తుంది. రెండంగుళాలు వదిలి కోస్తే మళ్ళీ చిగురు వేస్తుంది. పూత ముదరక ముందే కోసుకోవాలి.

కోసే వేళను బట్టి రుచి మారుతుందని పెద్దవాళ్ళు గమనించే వుంటారు. నీరు చాలనప్పుడు ఈ మొక్క రాత్రిపూట ఆకుల్లో పులుపును దాచుకుని పగలు ఖర్చుచేస్తుంది. అందుకే తెల్లవారి కోస్తే పుల్లగా, సాయంత్రం కోస్తే చప్పగా వుంటుంది. పొద్దున కోసిన ఆకుతో పప్పు చేస్తే చింతపండు తగ్గించవచ్చు. మట్టి పోయేదాకా రెండు మూడు నీళ్ళల్లో కడిగి, కాడలతో సహా తరిగి, పెసరపప్పుతో వుడికించి, వెల్లుల్లి, ఎండుమిర్చి పోపు పెట్టండి. జొన్నరొట్టెలోకి ఎంతో బాగుంటుంది.

చివరగా ముఖ్యమైన మాట. గడ్డిమందు కొట్టిన చేలో, పురుగుమందు కొట్టిన మిరపతోటలో దీన్ని కొయ్యవద్దు. కూలికి పోయినప్పుడు మందెప్పుడు కొట్టారని రైతునడగండి, అడగడానికి మొహమాటమెందుకు? గడ్డిమందు వచ్చాక కలుపు కూలీ తగ్గింది, కలుపుతోపాటు కూరా పోతున్నది. జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలవారు, విత్తకుండా వచ్చే కూరలూ పంటేనని ఏళ్ళ తరబడి చెబుతున్నారు. మనమూ మన పెరట్లో ఒక మూల ఈ కూరకు వదులుదాం. దాని పేరు, పాలమొక్కతో తేడా మన ఆడపిల్లలకూ మగపిల్లలకూ చూపించి చెబుదాం. గుర్తుపట్టేవాళ్ళుంటేనే అది కూర, లేకపోతే వట్టి కలుపే.