మనవడి బోర్డు – తాతయ్య స్క్రూ
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా వెళ్ళొచ్చినవాళ్ళంతా నయాగరా గురించి చెబుతారు. నేనూ చూశాను, నీళ్ళు బాగానే పడుతున్నాయి. కానీ ఆ ఆర్నెల్లలో నాకు మిగిలిన ముచ్చట ఒక రేకు బోర్డు, దాని అడుగున ఒక స్క్రూ. అదే మనవి చేసుకుంటాను.

మా అబ్బాయిది న్యూజెర్సీ. మనవడికి తొమ్మిదేళ్ళు. వాడి తెలుగు "తాతయ్యా, అన్నం" దగ్గర ఆగిపోతుంది. నా ఇంగ్లీషు "విత్ రిఫరెన్స్ టు యువర్ లెటర్" దగ్గర ఆగిపోతుంది. ఒకే ఇంట్లో ఉండి రెండు నెలలపాటు ఒకరినొకరు చూసి నవ్వుకోవడమే!

ఒక శనివారం పక్కవీధిలో ఎవరో పాత సామాను అమ్ముతుంటే వాడు ఎలక్ట్రిక్ ఫుట్‌బాల్ బోర్డు కొనిపించుకున్నాడు. అది మన ఫుట్‌బాల్ కాదు, కోడిగుడ్డులాంటి బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తే ఆట. న్యూయార్క్‌లో ట్యూడర్ కంపెనీ నడిపిన నార్మన్ సాస్ అనే ఇంజనీరు 1940ల చివర్లో ఈ బోర్డును తయారుచేశారు. ఆయన 2012లో కాలం చేశారు. జట్టుకు పదకొండు బొమ్మలు. స్విచ్ వేస్తే రేకు అదురుతుంది, బొమ్మలు కదులుతాయి.

మావాడి బొమ్మలు మాత్రం గుడిచుట్టూ ప్రదక్షిణం చేసినట్టు గిరగిరా తిరిగాయి. వాడు ఏడుపుముఖం పెట్టి దాన్ని మూలన పడేశాడు.

నేను బోర్డు తిరగేసి చూశాను. మోటారు అంటారు గాని అందులో తిరిగేదేమీ లేదు. ఒక కాయిల్, దానికెదురుగా ఒక ఇనుపముక్క, మధ్య సందును సవరించే స్క్రూ. అక్కడి కరెంటు సెకనుకు 60 సైకిళ్ళు కాబట్టి కాయిల్ ఇనుపముక్కను సెకనుకు 120 సార్లు లాగి వదులుతుంది. ఇది నాకు పాత చుట్టమే! మా ఆఫీసులో దొరగారి కాలింగ్ బెల్ మూగబోయినప్పుడల్లా స్క్రూ తిప్పింది నేనేగా!

ఆ ధీమాతోనే తప్పు చేశాను. స్క్రూ బాగా బిగించి స్విచ్ వేశాను. బోర్డు గీపెట్టింది, బొమ్మలన్నీ ఎగిరి బోర్లాపడ్డాయి, నైట్ డ్యూటీ చేసి నిద్రపోతున్న కోడలు లేచి వచ్చింది. "మీకెందుకు మామయ్యగారూ ఈ శ్రమ?" అంది. మంచిగానే అంది. కానీ రిటైరైన మనిషికి ఆ మాట ఎక్కడ తగులుతుందో మీకు చెప్పనక్కర్లేదు.

మర్నాడు పద్ధతిగా మొదలుపెట్టాను. స్క్రూడ్రైవర్ మాత్రం మనవడి చేతికిచ్చాను. ముందు ప్లగ్గు తీయాలి. పావు చుట్టు తిప్పాలి. మళ్ళీ ప్లగ్గు పెట్టి చెవులతో వినాలి. సందు ఎక్కువైతే బొమ్మ నిద్రపోతుంది, తక్కువైతే గెంతుతుంది. సన్నగా ఒకే శ్రుతిలో మోగితే సరిపోయినట్టు. తర్వాత బల్ల మట్టం చూడాలి. గ్లాసులో నీళ్ళు పోసి పెడితే ఒక పక్కకు వాలు తెలిసింది. ఆ కాలు కింద అట్టముక్క పెట్టాం. చివరికి బొమ్మల అడుగునున్న సన్నటి ప్లాస్టిక్ కాళ్ళు. అవి వెనక్కి వాలి ఉంటేనే బొమ్మ ముందుకు నడుస్తుంది. ఒక పక్క కాళ్ళు వంగిపోతే గిరగిరా తిరుగుడే. వాటిని వేలితో సరిచేశాం.

మూడు సాయంత్రాలు పట్టింది. ఆ మూడు రోజుల్లో వాడికి "బిగించు", "వదులు", "కొంచెం", "చాలు" వచ్చాయి. నాలుగో రోజు ఒక బొమ్మ ఈ చివరి నుంచి ఆ చివరికి తిన్నగా నడిచింది. వాడు నా మెడ పట్టుకుని వేలాడాడు.

ఆ బోర్డు ఇక్కడికి తెచ్చుకునే వస్తువు కాదు. 120 వోల్టుల సరుకు, మన 230లో పెడితే కాయిల్ కాలిపోతుంది. వాడి దగ్గరే వదిలి వచ్చాను. మొన్న ఫోన్ చేసి, "తాతయ్యా, అందరూ ఒక పక్కకే పోతున్నారు" అన్నాడు, తెలుగులోనే. "గ్లాసుతో నీళ్ళు పెట్టి చూడరా" అన్నాను. కాసేపటికి, "అట్టముక్క జారింది. పెట్టాను. చాలు" అన్నాడు.

మిత్రులారా, పిల్లల దగ్గరికి వెళ్ళినప్పుడు మీకు తెలిసిన పని ఒకటి వెతుక్కోండి. కానీ పనిముట్టు మాత్రం పిల్లవాడి చేతికివ్వండి.

నవంబరు దగ్గరపడుతోంది, లైఫ్ సర్టిఫికెట్లు మరువకండి. సెలవు.