గోడ మీద ఎవరి బొమ్మ?

(విజయవాడలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చిత్రకారుడు మోహన్ గురించి మాట్లాడమన్నారు. నాకు బొమ్మలు వేయడం రాదు. గోడలకి పోస్టర్లు అంటించినదాన్ని. ఆ అనుభవంతోనే నాలుగు మాటలు చెప్తాను.

మోహన్ 1950లో ఏలూరులో పుట్టారు. తండ్రి తాడి అప్పలస్వామి కమ్యూనిస్టు. విజయవాడలో విశాలాంధ్రలో పనిచేసి, 1984లో మొదలైన ఉదయం దినపత్రికలో రాజకీయ కార్టూన్లు వేశారు. 2017లో చనిపోయేదాకా ప్రజాసంఘాలకు పోస్టర్లు, పుస్తకాలకు ముఖచిత్రాలు వేస్తూనే ఉన్నారు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డాక, మేమూ దివిసీమలో ఒక ఊళ్ళో పోస్టరు అంటించాం. తాగొచ్చిన మొగుడు, మూలన జుట్టు విరబోసుకుని ఏడుస్తున్న భార్య. కోతల నుంచి వస్తున్న ఒకావిడ ఆగి చూసింది. "ఇది ఇంట్లో రోజూ చూసేదేగా అమ్మా, గోడ మీద కూడా ఎందుకు? సారా పాట పాడుకున్నోడి బొమ్మెయ్యండి" అంది.

నాకు నోట మాట రాలేదు. ఆ రాత్రి దాచుకున్న పాత పేపరు కటింగులు తీశాం. మోహన్ బొమ్మల్లో కుంచెతో ఒక్క ఊపులో లాగిన నల్లటి గీతకి చిక్కేది అధికారంలో ఉన్నవాడు. మనం కష్టపడేవాళ్ళ కష్టాన్నే బొమ్మ కట్టిస్తున్నాం. ఆ కష్టం మీద బతికేవాడు బొమ్మలోకే రావడం లేదు!

"మన బాధలు నవ్వులాటా?" అని కొందరు అడుగుతారు. వాళ్ళ భయం నాకు తెలుసు. వారపత్రికల నిండా అప్పడాల కర్ర పట్టుకున్న పెళ్ళామే కదా. ఆ మగ ప్రపంచంలో ఏళ్ళ తరబడి కార్టూన్లు వేసిన విశాఖ అమ్మాయి రాగతి పండరి (1965–2015) గురించి మన పత్రికలో విడిగా రాయాలి. ఎవరిని చూసి నవ్వుతున్నామన్నదే అసలు ప్రశ్న.

మర్నాడు పదో తరగతి పిల్ల ఒకతి కొత్త పోస్టరు వేసింది. కాంట్రాక్టరు, పొట్ట నిండా సారా ప్యాకెట్లు, వేళ్ళకి ఊళ్ళోవాళ్ళ తాళిబొట్లు. గీతలు వంకర. అయినా ఆడవాళ్ళు గుంపుగా చేరి పగలబడి నవ్వారు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది గానీ, ఆ పోస్టరు అంతవరకూ లేదు. తెల్లారేసరికే ఎవరో చింపేశారు. పక్కనే ఉన్న మా ఏడుపు పోస్టరును మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.